మూడు తీగల ముచ్చట



మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. కథలు, కవితలు రాసే చేయి కాదు నాది. ఇక్కడే పదో తరగతి దాకా చదివి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇరవై ఏళ్ళుగా పొలాల గట్ల వెంట సర్వే పరికరం మోసుకుంటూ తిరుగుతున్నవాణ్ణి. అందుకని నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను. అదీ ఒక చిన్న కేబులు గురించి. దాని సంగతి తెలియక ఒక రాత్రంతా మేలుకున్నాను, ఒక పెద్దమ్మ చేత మాట పడ్డాను. మీలో రేపు ఐటిఐ సర్వేయరు ట్రేడులోనో, డిప్లొమాలోనో చేరేవారికి ఆ అవస్థ రాకూడదని నా కోరిక.

ఆ రాత్రి ఏం జరిగింది?

2006లో మాట. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మంగళగిరి దాటి కాజ వైపు పొలాల్లో కొలతల పని. మన గాలిగోపురం శిఖరం చాలా దూరం వరకు కనిపిస్తుంది కదా, దిక్కు సరిచూసుకోవడానికి దానినే గురిపెట్టుకునేవాళ్ళం. మూడు రోజుల్లో 340 పాయింట్లు కొలిచాం. అవన్నీ పరికరం మెమరీలో ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఆ పరికరం ఇంకో ఊరు వెళ్ళాలి. ఈలోగా లెక్కలన్నీ కంప్యూటరులోకి దింపుకుని మెమరీ ఖాళీ చేయాలి.

సాయంత్రం కేబులు తగిలించాం. పరికరం "పంపుతున్నాను" అంటుంది, కంప్యూటరులో మాత్రం ఒక్క అక్షరం రాదు. పరికరంతో వచ్చిన అసలు కేబులు ఎప్పుడో పోయింది. మా దగ్గర ఉన్నది బయట చేయించిన కేబులు. తీసి పెట్టాం, పెట్టి తీశాం, కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాం. లాభం లేదు. చివరకు మా సీనియరు తెర మీద అంకెలు చదువుతుంటే నేను కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. ఒక్కో పాయింటుకు తూర్పు, ఉత్తరం, ఎత్తు అని మూడు సంఖ్యలు. మొత్తం 1,020 సంఖ్యలు. తెల్లవారుజామున మూడు గంటలయింది.

నాలుగు రోజుల తర్వాత రాళ్ళు పాతుతుంటే ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమెది అర ఎకరం అసైన్డ్ భూమి.

"నాయనా, ముప్పై ఏళ్ళ బట్టి ఈ గట్టు మీద నడుస్తున్నా. ఈ రాయి నా చేలోకి వచ్చిందేందయ్యా?" అంది.

"మిషను లెక్క తప్పదు పెద్దమ్మా" అన్నాడు మా సీనియరు.

"మిషను సంగతి నాకు తెలవదు నాయనా, గట్టు సంగతి తెలుసు."

మళ్ళీ కొలిచాం. ఆమె చెప్పిందే నిజం. నేను ఒక సంఖ్యలో 7ను 1గా రాశాను. ఆ చిన్న తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకట్ల స్థానంలో ఉన్న అంకె కాబట్టి తేడా 6 మీటర్లు. ఆ చేను సుమారు 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ఒక మూల రాయి 6 మీటర్లు లోపలికి జరిగితే 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఏడున్నర సెంట్లు పోతాయి. ఉన్నదే 50 సెంట్లు! ఆమె అడిగింది కాబట్టి సరిపోయింది. అడగనివాళ్ళ సంగతి ఏమిటి?

మిషను నిజంగానే తప్పు చెప్పలేదు. మధ్యలో నా చేయి పడింది. కేబులు పనిచేసి ఉంటే నా చేయి పడే అవసరమే లేదు.

టోటల్ స్టేషన్ అంటే ఏమిటి?

వెనక గొలుసుతో కొలిచేవారు. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు పండితుడు 1620లో తయారుచేసినది గుంటర్ గొలుసు. మన గుంటూరుకు దానికి సంబంధం లేదు, పేర్లు కలిశాయంతే! పొడవు 66 అడుగులు, 100 లింకులు. మనం ఇప్పటికీ భూమిని సెంట్లలో చెప్పుకుంటాం కదా, ఒక సెంటు అంటే సరిగ్గా 1,000 చదరపు లింకులు.

కోణాలు కొలవడానికి థియొడొలైటు, దూరానికి గొలుసో టేపో వాడేవారు. ఈ రెండు పనులూ ఒక్కటే చేసేది టోటల్ స్టేషన్. దూరంగా నిలబెట్టిన ప్రిజం మీదికి కాంతిని పంపి, అది తిరిగి వచ్చిన తీరును బట్టి దూరం లెక్కగడుతుంది. కోణంతో కలిపి ఆ పాయింటు ఎక్కడుందో మూడు సంఖ్యలుగా దాచుకుంటుంది. పాత మోడళ్ళలో చాలావాటికి ఆ సంఖ్యలు బయటికి రావడానికి ఒకటే దారి ఉండేది. అదే సీరియల్ పోర్టు.

వరుసలో నిలబడ్డ అక్షరాలు

సీరియల్ అంటే వరుస. మన మెస్సులో కంచాలు పట్టుకుని ఒకరి వెనుక ఒకరం నిలబడినట్టు, అక్షరంలోని బిట్లు ఒకదాని వెనుక ఒకటి ఒకే తీగ మీద నడుస్తాయి. ఈ పద్ధతికి పేరు ఆర్ఎస్-232. అమెరికాలో 1960లో ఈ ప్రమాణం వచ్చింది. 1969లో దానిని సవరించి "ఆర్ఎస్-232-సి" చేశారు. అంటే మన బల్లల మీది కంప్యూటర్లు పుట్టకముందే పుట్టిన పద్ధతి. అందుకే ఇంత సాదాగా ఉంటుంది.

ఇందులో 1 అనే బిట్టుకు మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, 0 అనే బిట్టుకు ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. ఇంకొక ముఖ్య సంగతి: ఏమీ పంపకుండా ఊరకే ఉన్నప్పుడు పంపే తీగ మీద మైనస్ వోల్టేజి నిలబడి ఉంటుంది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కేబులు తప్పు పట్టుకోవడానికి ఇదే మనకు దీపం.

కావలసినవి మూడు తీగలు

ఇద్దరు మాట్లాడుకోవాలంటే నా నోరు మీ చెవికి, మీ నోరు నా చెవికి అందాలి. ఇద్దరం ఒకే నేల మీద నిలబడాలి. సీరియల్ కేబులూ అంతే. పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండు. నోటికి నోరు, చెవికి చెవి కలిపితే ఎవరికీ ఏమీ వినబడదు. కేబుళ్ళలో సగం తప్పులు ఇవే.

కంప్యూటరు వైపు తొమ్మిది పిన్నుల కనెక్టరులో మనకు కావలసినవి:

2 – కంప్యూటరు చెవి (అందుకునేది)
3 – కంప్యూటరు నోరు (పంపేది)
5 – గ్రౌండు

సొక్కియా పాత సెట్ మోడళ్ళలో ఆరు పిన్నుల గుండ్రటి సాకెట్టు ఉంటుంది. అందులో 1 గ్రౌండు, 3 పంపేది, 4 అందుకునేది, 6 కరెంటు. కాబట్టి పరికరం 3ను కంప్యూటరు 2కు, పరికరం 4ను కంప్యూటరు 3కు, 1ని 5కు కలపాలి.

లైకా పాత మోడళ్ళలో అయిదు పిన్నుల సాకెట్టు. అందులో 3 గ్రౌండు, 4 అందుకునేది, 5 పంపేది, 1 కరెంటు. కాబట్టి 5ను కంప్యూటరు 2కు, 4ను కంప్యూటరు 3కు, 3ను కంప్యూటరు 5కు కలపాలి.

రెండు జాగ్రత్తలు. కరెంటు పిన్నుకు తీగ ఉంటే దాన్ని టేపు చుట్టి విడిగా ఉంచండి, కంప్యూటరు వైపు దేనికీ తగలనివ్వవద్దు. రెండోది, సాకెట్టు చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన లోపలి వరుస ఒకటే అనుకోవద్దు. నికాన్ పరికరంలోనూ ఆరు పిన్నులే ఉంటాయి, తీగల వరుస మాత్రం వేరు. ఆ మోడలు పుస్తకం చూసుకున్నాకే వైరింగు చేయాలి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

డాక్టరు నాడి చూసినట్టు ఒక వరుసలో చూడాలి. కంగారుపడి నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు ఉంటే చాలు.

మొదటి పరీక్ష: కంప్యూటరు బాగుందా? కేబులు తీసేయండి. కంప్యూటరు పోర్టులో 2, 3 పిన్నులను చిన్న తీగ ముక్కతో కలపండి. అంటే కంప్యూటరు నోరు దాని చెవికే పెట్టామన్నమాట. టెర్మినల్ ప్రోగ్రాము తెరవండి. విండోస్ ఎక్స్‌పి వరకు హైపర్ టెర్మినల్ దానితోనే వచ్చేది, ఇప్పుడు పుట్టీ, టెరా టెర్మ్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. అందులో ఫ్లో కంట్రోలు, లోకల్ ఎకో రెండూ ఆపి ఏదైనా అక్షరం కొట్టండి. తెర మీద కనబడాలి. తీగ ముక్క తీస్తే కనబడకూడదు. ఇది నెగ్గితే పోర్టు, డ్రైవరు, పోర్టు నంబరు అన్నీ సరే. తప్పు కేబులులోనో, పరికరంలోనో, సెట్టింగులలోనో ఉంది.

రెండో పరీక్ష: తీగలు తెగాయా? కేబులును రెండు వైపులా విప్పండి. మల్టీమీటరును బీప్ మీద పెట్టి, ఒక చివర పిన్నుకు రెండో చివర ఏ పిన్ను పలుకుతుందో కాగితం మీద రాసుకోండి. పక్క పిన్నులతో కూడా పలికితే సోల్డరింగు ఒకదాని మీద ఒకటి పడిందని అర్థం. కేబులును వంచుతూ కూడా చూడండి. కనెక్టరు మెడ దగ్గర తెగిన తీగ నిటారుగా ఉంచితే పలుకుతుంది, వంచితే ఆగిపోతుంది.

మూడో పరీక్ష: మైనస్ ఎక్కడ ఉంది? కేబులును పరికరానికి మాత్రమే తగిలించి, పరికరం ఆన్ చేయండి. మీటరును డిసి 20 వోల్టుల మీద పెట్టండి. నల్ల తీగను కేబులు చివరి 5వ రంధ్రంలో, ఎర్ర తీగను 2లో పెట్టండి. మైనస్ 5కు అటూ ఇటూగానో, ఇంకా ఎక్కువగానో చూపితే పరికరం నోరు సరైన చోటికి వచ్చినట్టు. మైనస్ 2లో కాకుండా 3లో కనిపిస్తే తీగలు తారుమారయ్యాయి. ఎక్కడా లేకపోతే గ్రౌండు అందలేదు, లేదా పరికరం పోర్టు నిద్రలో ఉంది. కొన్ని పరికరాలు డేటా పంపే మెనూలోకి వెళ్తేనే పోర్టును మేల్కొలుపుతాయి, అలా ఉంచి మళ్ళీ కొలవండి.

తర్వాత కంప్యూటరు పోర్టు ఒక్కదాన్నే చూస్తే 3లో మైనస్ కనబడాలి. కంప్యూటరులో 3 మాట్లాడుతుంది, కేబులు చివర 2 మాట్లాడాలి. రెండూ మాట్లాడేవి ఒకే అంకె మీద ఉంటే నోటికి నోరు పెట్టినట్టే.

నా కేబులులో దొరికిన తప్పు

ఆ పెద్దమ్మ చేనులో సిగ్గుపడి వచ్చిన ఆదివారం కేబులు విప్పి చూశాను. తీగలు తెగలేదు, సోల్డరింగు కూడా నున్నగా ఉంది. మరి తప్పేమిటి? కనెక్టరును ముందు నుంచి చూస్తే పై వరుసలో 5, 4, 3, 2, 1 అని ఉంటే, వెనుక సోల్డరింగు చేసే వైపు నుంచి చూస్తే 1, 2, 3, 4, 5 అవుతుంది, అద్దంలో చూసినట్టు. చేసినవారు వెనుక వైపు కూడా ముందు వైపు వరుసలోనే లెక్కపెట్టారు. దాంతో 2కు రావలసిన తీగ 4కు, 5కు రావలసిన గ్రౌండు 1కి పోయాయి. నడిమిది కాబట్టి 3 ఒక్కటే సరిగ్గా కుదిరింది. పనికిరాని కేబులు అని మేం మూల పడేసినదానికి కావలసింది రెండు తీగలు మార్చడమే! పది నిమిషాల పని.

పిన్ను పక్కన ప్లాస్టిక్ మీద ఆవగింజంత అంకెలు అచ్చయి ఉంటాయి. ఎడమ, కుడి అని లెక్కపెట్టకండి, ఆ అంకెలు చదవండి.

అక్షరాలు వస్తున్నాయి, కానీ పిచ్చిగా వస్తున్నాయి

ఇది తీగల తప్పు కాదు, సంతోషించండి. మాట చేరింది, వేగం కుదరలేదు. మాస్టారు డిక్టేషన్ చెప్పే వేగం ఒకటి, మనం రాసే వేగం ఒకటి అయితే ఏమవుతుంది? అదే. రెండు వైపులా బాడ్ రేటు ఒకటే ఉండాలి. 1200, 2400, 4800, 9600, 19200 – వీటిలో ఏది పెట్టారో పరికరం మెనూలో చూసి కంప్యూటరులోనూ అదే పెట్టండి. కొన్ని అక్షరాలు సరిగా వచ్చి కొన్ని మాత్రమే వింతగా వస్తుంటే పారిటీ, డేటా బిట్లు చూడండి. ఒక వైపు 7 బిట్లు, ఈవెన్ పారిటీ ఉండి, రెండో వైపు 8 బిట్లు, పారిటీ లేదు అని ఉంటే అలాగే జరుగుతుంది.

కొంత వచ్చి మధ్యలో వరుసలు ఎగిరిపోతుంటే అది ఫ్లో కంట్రోలు సమస్య. డిక్టేషన్‌లో "ఆగండి సార్" అని చెయ్యెత్తడం లాంటిది అది. చెయ్యెత్తే పద్ధతులు రెండు. ఒకటి, "ఎక్స్ఆఫ్" అనే గుర్తు పంపి ఆపమనడం, "ఎక్స్ఆన్" పంపి మళ్ళీ చెప్పమనడం. ఇది పై మూడు తీగలతోనే నడుస్తుంది, రెండు వైపులా ఒప్పుకుని ఉండాలి. రెండోది 7, 8 పిన్నుల మీద విడి తీగలతో నడిచేది. మూడు తీగల కేబులులో ఆ తీగలు ఉండవు కాబట్టి కొన్ని ప్రోగ్రాములు అనుమతి రాలేదని కదలకుండా కూర్చుంటాయి. అప్పుడు కంప్యూటరు వైపు కనెక్టరులోనే 7ను 8కి, అలాగే 1, 4, 6లను ఒకదానికొకటి కలిపితే "అనుమతి వచ్చింది" అనుకుని ముందుకు సాగుతాయి. అయితే ఇది ఉత్తుత్తి అనుమతి. నిజంగా ఆపే శక్తి దానికి లేదు. వరుసలు పోతుంటే బాడ్ రేటు తగ్గించడం మేలు.

వేగం తగ్గిస్తే ఎంత ఆలస్యమో మీరే లెక్క వేయండి. 8 బిట్ల అక్షరానికి ముందొకటి, వెనకొకటి కలిసి 10 బిట్లు. 1200 అంటే సెకనుకు 120 అక్షరాలు, 9600 అంటే 960 అక్షరాలు. మా 340 పాయింట్లకు ఒక్కోదానికి 50 అక్షరాలు అనుకుంటే 17,000 అక్షరాలు. 1200 మీద రెండు నిమిషాల 22 సెకన్లు. 9600 మీద 18 సెకన్లు. మేం తెల్లవారే దాకా రాసింది 18 సెకన్ల పని!

యుఎస్‌బి కన్వర్టరు

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు ఉండదు, యుఎస్‌బి కన్వర్టరు వాడాలి. దీనితో మూడు చిక్కులు. ఒకటి, డివైస్ మేనేజరులో దానికి ఏ కామ్ నంబరు వచ్చిందో చూడాలి. పాత ప్రోగ్రాములు కొన్ని కామ్ 1 నుంచి 4 వరకే చూస్తాయి, నంబరు ఎక్కువ ఉంటే అక్కడే మార్చుకోవచ్చు. రెండు, ప్రోలిఫిక్ పాత చిప్పులకు, వాటి నకళ్ళకు కొత్త డ్రైవరు పనిచేయక "కోడ్ 10" అని వస్తుంది. అప్పుడు కేబులును తిట్టి లాభం లేదు, కన్వర్టరు మార్చాలి. మూడు, ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులకు వాడే 5 వోల్టుల చిన్న సీరియల్ బోర్డులు ఆర్ఎస్-232 కావు. వాటి వోల్టేజి వేరు, ప్లస్ మైనస్ కూడా తిరగబడి ఉంటాయి. పరికరానికి తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు.

చివరగా, ముందు కంప్యూటరును వినడానికి సిద్ధం చేసి, ఆ తర్వాతే పరికరంలో పంపే మీట నొక్కండి. వచ్చిన ఫైలులో పాయింట్లు లెక్కపెట్టండి. మీరు కొలిచినన్ని ఉన్నాయా? మొదటిది, చివరిది తెరతో సరిపోయాయా? రెండు చోట్ల కాపీ పెట్టాకే మెమరీ తుడవండి.

ఈ రోజుల్లో ఇదెందుకు అంటారా?

మన మండలంలోనే నవులూరు, ఎర్రబాలెం, కురగల్లు, నిడమర్రు వంటి ఊళ్ళు 2015లో రాజధాని భూసమీకరణలోకి వెళ్ళాయి. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో రాష్ట్రమంతటికీ భూముల రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్లు వచ్చాయి. కొత్త టోటల్ స్టేషన్లలో పెన్‌డ్రైవు పెట్టుకోవచ్చు. నిజమే.

కానీ మీరు రేపు చేరబోయే చాలా ల్యాబుల్లో ఉండేవి పాత పరికరాలే. నేను చూసిన ఒక ల్యాబులో మంచి టోటల్ స్టేషన్ బీరువాలో ఉంది. పాడయిందా అని అడిగితే, "లేదు, కేబులు లేదు" అన్నారు. మూడు తీగలు లేక ఏటేటా పిల్లలు దాని బొమ్మ చూసి పరీక్ష రాస్తున్నారు. కలవాళ్ళ పిల్లలు బయట డబ్బు కట్టి నేర్చుకుంటారు. మనకు ఆ ల్యాబే ఆధారం.

ఇంకొక మాట. ఇది సర్వేకే పరిమితం కాదు. పత్తి లారీ, మిర్చి టిక్కీల లారీ ఎక్కే వేబ్రిడ్జిలలో చాలావాటికి కాటా నుంచి కంప్యూటరుకు బరువు చేరేది ఇదే ఆర్ఎస్-232 మీద. ఫ్యాక్టరీల్లో పాత సిఎన్‌సి మిషన్లకు ప్రోగ్రాము ఎక్కేదీ ఇలాగే. ఒక చోట నేర్చుకున్నది నాలుగు చోట్ల అన్నం పెడుతుంది.

మీరు చేసిన ప్రతి కేబులు చివర ఒక చీటీ కట్టండి. ఏ పరికరానిది, ఏ పిన్ను దేనికి, బాడ్ రేటు ఎంత అని రాయండి. మీ తర్వాత వచ్చేవాడు ఎవరో మీకు తెలియదు, కానీ వాడికి ఆ రాత్రి నిద్ర దక్కుతుంది.

ఆ పెద్దమ్మ చేను గట్టు మీదుగా ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్తుంటాను. రాయి ఉండవలసిన చోటే ఉంది. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక ఆదివారం హాస్టలుకు వస్తాను. మల్టీమీటరు, సోల్డరింగు ఐరను, నాలుగు కనెక్టర్లు తెస్తాను. నేర్చుకోవాలనుకున్నవాళ్ళు వార్డెన్ గారికి పేర్లు ఇవ్వండి. ముందు చేసే తప్పులన్నీ మన హాస్టలు వరండాలోనే చేద్దాం, ఎవరి చేలోనూ కాకుండా.

– మీ అన్నయ్య,
హాస్టలు పూర్వ విద్యార్థి